అంతరాత్మయు అధికారమును: మధుర, కోయంబత్తూరు సీమల కతోలికచరిత్రలో నొక ప్రశ్న

దక్షిణదేశమున తెలుగువారు స్థిరపడిన ప్రాంతములలో మధుర, కోయంబత్తూరు సీమలు ముఖ్యములైనవి. విజయనగరప్రభువుల దండులతోడను, ఆ పిమ్మట మధురానాయకుల పాలనలోను ఈ సీమలకు వచ్చిన బలిజలు, కమ్మవారు, రెడ్లు, రాజకంబళమువారు, తోలుపని చేసి బ్రతికిన అరుంధతీయులు మొదలగువారిలో పలువురు నేటికిని ఇండ్లలో తెలుగే మాటలాడుచున్నారు. వీరి చరిత్రను వ్రాయువారు సాధారణముగా పాళెములను, కోటలను, చెరువులను, దేవాలయములను, దానశాసనములను పేర్కొందురు. అది యుక్తమే. కాని ఈ నేలమీదనే 1606 మొదలు 1940 వఱకు, అనగా మూడువందల యేండ్లకు పైగా, నడచిన వివాద మొకటి కలదు. అది తెలుగు నాయకరాజుల కాలమున, వారి రాజధానియందే మొదలయ్యెను. అయినను మన గ్రంథములలో దానికి చోటు తక్కువ.

ఆ వివాదమునకు మూలమైన ప్రశ్న యిది. మనుష్యుని అంతరాత్మ యొకటి చెప్పుచుండగా, అతడు హృదయపూర్వకముగా గౌరవించు అధికారము వేఱొకటి చెప్పినయెడల అతడేమి చేయవలయును? లోబడవలయునా, ఎదిరింపవలయునా, తప్పుకొనవలయునా? ఈ మూడు మార్గములకును మధుర, కోయంబత్తూరు సీమల కతోలికచరిత్రలో ఉదాహరణములు దొరకుచున్నవి. నేడు అదే ప్రశ్న స్వలింగానురాగులైన స్త్రీపురుషుల విషయమున మరల తలయెత్తినది. పూర్వపు వివాదమును చక్కగా తెలిసికొన్నచో నేటి ప్రశ్నను శాంతముగా విచారించుట సులభమగును.

వడుగుల రాజ్యమున రోము సన్న్యాసి

16వ శతాబ్దమున పోర్చుగీసువారు తెలుగువారిని బడగలనిరి. తమిళులు ఉత్తరదేశీయులను వడుగులని పిలుచు మాటయే వారి నోట అట్లు మాఱినది. నీలగిరులయందలి బడగలు వేఱు, వీరు వేఱు. ముత్తెపుచిప్పలు తీసి బ్రతుకు పరవలపై బడగల దండు వచ్చిపడెనని ఫ్రాన్సిస్ శౌరి 1544లో వ్రాసిన లేఖలలో కలదు. కతోలిక గురువుల వ్రాతలలో దక్షిణదేశపు తెలుగువారి ప్రథమదర్శన మట్లు దండయాత్రతో కూడియున్నది.

మధురలో యేసుసభవారి తొలి గురువు గొన్సాలో ఫెర్నాండెజు. అతడు పూర్వము సైనికుడు. 1595 ప్రాంతమునుండి ఆ నగరమున నుండి, వర్తకమునకు వచ్చిన పోర్చుగీసువారికిని పరవలకును ఒక చిన్నగుడిని నడుపుచుండెను. పదియేండ్లు గడచినను మధురావాసులలో నెవ్వరును అతని మతమున చేరలేదు. ఏలయనగా పోర్చుగీసువారిని జనులు పరంగులనుచుండిరి. గోమాంసము తినువారు, మద్యపానము చేయువారు, శౌచమెఱుగనివారు అని ఆ మాటకు అర్థము. క్రైస్తవుడగుట యనగా పరంగి కులమున చేరుటయే యని జనుల తలంపు. విచిత్రమేమనగా గురువులు సైతము ఆ తలంపునకు విరుద్ధముగా ఏమియు చెప్పియుండలేదు.

1606వ సంవత్సరము నవంబరునెలలో రాబర్టు దె నోబిలి మధుర చేరెను. అతడు 1577లో రోమునగరమున గొప్పవంశమున జన్మించినవాడు. వయస్సు అప్పటికి ఇరువదితొమ్మిదేండ్లు. నాడు మధురను ముత్తుకృష్ణప్పనాయకుడు పాలించుచుండెను. నోబిలి ఫెర్నాండెజుతో కలిసి కొలదికాలము మాత్రమే యుండి, పిమ్మట వేఱు నివాసము ఏర్పఱచుకొనెను. కాషాయవస్త్రము ధరించెను, మాంసమును విడిచెను, బ్రాహ్మణుని చేత వంట చేయించుకొనెను, గంధపుబొట్టు పెట్టుకొనెను. తాను పరంగిని కానని, రోమునుండి వచ్చిన సన్న్యాసినని చెప్పుకొనెను. తమిళము నేర్చెను. పాలకుల భాషయగు తెలుగును నేర్చెను. శివధర్ముడను పండితుని యొద్ద సంస్కృతము నభ్యసించెను. తత్త్వబోధకస్వామియని జనులతనిని పిలిచిరి.

శివధర్ముడు 1609లో జ్ఞానస్నానము పొందెను. అప్పుడు ప్రశ్న పుట్టెను. జందెమును పిలకను తీసివేయవలయునా? ఉంచుకొనవచ్చునా? అవి విగ్రహారాధనకు గుర్తులని ఫెర్నాండెజు వాదము. అవి వంశమునకు, విద్యకు, పౌరమర్యాదకు గుర్తులేకాని మతచిహ్నములు కావని నోబిలి వాదము. 1610లో ఫెర్నాండెజు తన పై యధికారులకు ఫిర్యాదు వ్రాసెను. ఒకే ఊరిలో రెండు గుళ్లేల? ఒకే మతమున రెండు పంక్తులేల? ఒక గురువు తన తోడిగురువుతో సంబంధము లేనట్లు నటించుట యేల? ఇవి అతడు వేసిన ప్రశ్నలు. వానిలో న్యాయము లేదనుటకు వీలులేదు. ఫెర్నాండెజు అసూయాపరుడని మాత్రము చెప్పి ఊరకుండుట చరిత్రకు తగదు. అతనికిని అంతరాత్మ కలదు.

నోబిలి విభేదించిన తీరు గమనింపదగినది. అతడు సభను విడువలేదు, అధికారులను దూషింపలేదు, తన పద్ధతిని మానుకొననులేదు. సమాధానముగా 1610లో నొక గ్రంథము, 1613లో నొక గ్రంథము, 1619లో నొక గ్రంథము లాటినుభాషలో వ్రాసెను. ధర్మశాస్త్రములనుండి ప్రమాణములు చూపుచు, ఏది సామాజికాచారము, ఏది మతాచారము అని విభజించి నిరూపించెను. అతని బంధువగు కార్డినలు బెల్లార్మీను మొదట రోమునుండి గద్దించి వ్రాసెను. సమాధానము చదివిన పిమ్మట తన యభిప్రాయమును మార్చుకొని అతనికి తోడ్పడెను. క్రాంగనూరు అగ్రపీఠాధిపతి ఫ్రాన్సిస్కో రోసు అతని పక్షము వహించెను. 1619లో గోవానగరమున జరిగిన సభలో మాత్రము ఎక్కువమంది అతనిని తప్పుపట్టిరి. విషయము రోమునకు పోయెను. 1623 జనవరి 31వ తేదిన 15వ గ్రెగరి పోపుగారు జందెము, పిలక, గంధము, స్నానములు కొన్ని షరతులకు లోబడి ఉంచుకొనవచ్చునని అనుమతించిరి. ఆ శాసనముననే, కులీనులైన క్రైస్తవులు తక్కువవారని యెంచబడువారిని హీనముగా చూడరాదని హితవు చెప్పిరి. మొదటి భాగము నెఱవేఱినట్లు రెండవభాగము నెఱవేఱలేదు.

ఇచ్చట ఒక సత్యమును దాచరాదు. నోబిలి అంతరాత్మ అతనికి పరదేశియైన సంస్కృతిని గౌరవింపుమని చెప్పినది. కాని ఆ సంస్కృతిలోని కులభేదమును అతడు ఉన్నది ఉన్నట్లుగా స్వీకరించెను. బ్రాహ్మణసన్న్యాసి వేషములోనున్న గురువు అంటరానివారి గుడిసెలో అడుగిడుట సాధ్యము కాకపోయెను. వారికొఱకు 1640 ప్రాంతమున పండారస్వాములనెడి వేఱు గురువుల వరుస యేర్పడెను. ఒక యన్యాయమును గుర్తించిన అంతరాత్మ ఇంకొక యన్యాయమును గుర్తింపకపోవచ్చును. దీనినిబట్టి అంతరాత్మకు శిక్షణ అవసరమని తెలియుచున్నది.

నోబిలి జీవితము సుఖముగా ముగియలేదు. 1640లో మధురలో చెఱసాలపాలయ్యెను. వృద్ధాప్యమున చూపు తగ్గి, మధురను విడిచిపోవలసివచ్చెను. 1656 జనవరి 16వ తేదిన మైలాపురమున కన్నుమూసెను.

అనుమతినుండి ప్రమాణమునకు

నోబిలి గతించిన తరువాత యేబదియేండ్లు గడవకముందే గాలి మాఱెను. పోపుగారి ప్రతినిధిగా వచ్చిన తూర్నోను 1703 నవంబరులో పుదుచ్చేరిలో దిగి, ఎనిమిదినెలలు మాత్రమే అక్కడనుండి, లోనాడులోని మధురమిషనును చూడకయే, 1704 జూనులో పదునాఱు అంశములుగల నిషేధశాసనము వ్రాసెను. పిళ్లయారు బొమ్మగల తాళిని క్రైస్తవ స్త్రీలు కట్టుకొనరాదనెను. ముట్టయిన స్త్రీలను గుడికి రాకుండ ఆపరాదనెను. రోగముతోనున్న అంటరానివారి ఇండ్లకు గురువులు స్వయముగా పోయి దివ్యసంస్కారములు ఇయ్యవలయుననెను. ఈ శాసనమున ఆచారములపై అజ్ఞానము కొంత కలదు. కాని బలహీనులపక్షమున నిలిచిన న్యాయము కూడ కలదు. అధికారము తప్పుచేయుచునే ఒప్పును చేయవచ్చునని దీనివలన తెలియుచున్నది.

యేసుసభవారు నలువదియేండ్లు వాదించిరి. 12వ క్లెమెంటు పోపుగారు 1739లో, గురువులందఱును ఈ నిషేధములను పాటింతుమని ప్రమాణము చేయవలయునని ఆజ్ఞాపించిరి. 14వ బెనెడిక్టు పోపుగారు 1744 సెప్టెంబరు 12వ తేదిన ఇచ్చిన శాసనముతో వాదము ముగిసెను. అంటరానివారికొఱకు ప్రత్యేకముగా గురువులను నియమింతుమని యేసుసభవారు చెప్పిన ఉపాయమును ఆ శాసనము అంగీకరించెను. అనగా భేదము పోలేదు. భేదమునకు ఒక యేర్పాటు దొరకెను. ఆనాటినుండి ఈ దేశమునకు వచ్చిన ప్రతి కతోలికగురువును ఆ ప్రమాణము చేసినపిమ్మటనే పని మొదలుపెట్టవలసివచ్చెను. ఆ ప్రమాణము 1940 వఱకు నడచెను. ఆ సంవత్సరమున రోము దానిని తొలగించెను. నోబిలిని తప్పుపట్టిన నూటతొంబదియాఱేండ్ల ప్రమాణము ఒక ఉత్తర్వుతో రద్దయ్యెను. నేడు తమిళనాట కతోలిక దేవాలయములలో దీపస్తంభము, కుంకుమ, కోలాటము, రథోత్సవము ఎవరికిని వింతగా తోచవు.

కరుమత్తంపట్టి మేత్రాణి

కోయంబత్తూరు సీమలో సత్యమంగళము యేసుసభవారికి పాతస్థానము. ఈ సీమ 1845లో పుదుచ్చేరినుండి వేఱుపడెను. దానికి అధిపతిగా వచ్చినవాడు మెల్కియోరు ద మరియోను బ్రెసియ్యాకు. 1813లో ఫ్రాన్సుదేశమున కస్తెల్నోదారియందు పుట్టి, 1842లో పుదుచ్చేరికి వచ్చెను. 1846 అక్టోబరు 4వ తేదిన కోయంబత్తూరునకు సమీపముననున్న కరుమత్తంపట్టిలో మేత్రాణిగా అభిషిక్తుడయ్యెను. దేశీయులైన గురువులను తయారుచేసి, వారి చేతికే సభను అప్పగింపవలయునని అతని పట్టుదల. నాటి విదేశీయ గురువులలో అట్టి తలంపు అరుదు.

ప్రమాణము అతనిని బాధించెను. తాను చేసిన ప్రమాణము ఒక విధముగా చెప్పుచున్నది. తన చుట్టునున్న గురువులు నడపు తీరు మఱియొక విధముగా నున్నది. ఒకచోట కులాచారమును చూచిచూడనట్లు పోనిచ్చుచున్నారు, ఇంకొకచోట ఖండించుచున్నారు. దేనిని సహింపవచ్చును, దేనిని సహింపరాదు అన్నదానికి స్పష్టమైన నిర్ణయము కావలెనని అతడు రోమును అడిగెను. తృప్తికరమైన సమాధానము రాలేదు. ప్రమాణము చేసి దానిని పాటింపకయుండుట అతనికి అబద్ధముగా తోచెను. దానిని కఠినముగా పాటించిన ప్రజలు చెదరిపోవుదురు. 1854లో అతడు పదవిని విడుచుటకు అనుమతి కోరెను. 1855లో అనుమతి లభించెను.

బ్రెసియ్యాకు ఎదురుతిరుగలేదు, ఊరకయుండనులేదు, తప్పుకొనెను. తిరిగిపోయి 1856 డిసెంబరు 8వ తేదిన లియోనునగరమున ఆఫ్రికా మిషనుల సభను స్థాపించెను. 1859 జూన్ 25వ తేదిన సియెర్రా లియోనుదేశపు ఫ్రీటౌనులో పచ్చజ్వరముతో మరణించెను. ఆ కాలమున పదవిని విడిచిన మేత్రాణిని లోకులు మెచ్చియుండరు. 2020లో శ్రీసభ అతనిని పూజ్యుడని ప్రకటించి, పునీతపదవికి పోవు మార్గమున ఒక మెట్టు ఎక్కించెను. అంతరాత్మకొఱకు పదవిని వదలినవాడు సభకు ద్రోహి కాడని దీనివలన స్పష్టమగుచున్నది.

అంతరాత్మనుగూర్చి శ్రీసభ బోధ

ఈ చరిత్రకు వెనుకనున్న సిద్ధాంతమును సంగ్రహముగా చెప్పవలసియున్నది. 13వ శతాబ్దపు తోమాసు అక్వీనాసు అంతరాత్మకు విరుద్ధముగా చేయు పని తప్పని చెప్పెను. అంతరాత్మ పొరబడినను, అది మంచిదని నమ్మించుచున్నదానిని త్రోసివేయుట దోషమే యని అతని తీర్పు. 1875లో ఇంగ్లండుదేశపు న్యూమను, పోపు అధికారమును సమర్థించుచు వ్రాసిన లేఖలోనే, అంతరాత్మకు మొదటిస్థానమిచ్చెను. 1965 డిసెంబరు 7వ తేదిన రెండవ వాటికను మహాసభ ప్రకటించిన పత్రములలో అంతరాత్మ మనుష్యుని హృదయాంతరాలయమని, అచ్చట అతడు దైవముతో ఏకాంతముగా నుండునని వర్ణించెను. ఆ దినముననే మతవిషయములందు ఎవరిని బలవంతపెట్టరాదని ఇంకొక పత్రమున ప్రకటించెను.

ఇది ఒక భాగము. రెండవభాగము కలదు. అంతరాత్మ యనగా తోచినది చేయుట కాదు. దానికి శిక్షణ కావలెను, ధర్మబోధను వినవలెను, తన లోభమును, భయమును జల్లెడపట్టవలెను. 1968లో కృత్రిమ గర్భనిరోధమును నిషేధించిన లేఖ వెలువడినపుడు పలువురు విద్వాంసులు విభేదించిరి. వారిలో నొకడగు అమెరికా ధర్మశాస్త్రజ్ఞుడు చార్లెసు కరను 1986లో కతోలిక ధర్మశాస్త్రబోధకు తగడని రోముచే నిర్ణయింపబడెను. 1990లో వెలువడిన పత్రము ఒక భేదమును చూపెను. ఒక బోధ మనస్సునకు ఎక్కక, దానిని సద్భావముతో అధికారులకు నివేదించి ఓపికతో విచారించువాడు వేఱు. బహిరంగముగా ప్రతిపక్షము కట్టువాడు వేఱు. మొదటివానికి చోటు కలదు, రెండవవానికి లేదు. 1993 నాటి లేఖ, అంతరాత్మ సత్యమును కనుగొనునే కాని సృష్టింపదని నొక్కి చెప్పెను.

ఈ కొలతతో చూచినచో నోబిలి మొదటి తరగతివాడు. బ్రెసియ్యాకు ఆ తరగతివాడే యైనను, వేఱుదారి పట్టినవాడు. కాని కాలమును గమనింపవలెను. 1619లో గోవాలో నోబిలిని తప్పుపట్టినవారికి అతడు ప్రతిపక్షము కట్టినవానివలెనే కనబడెను. భేదము స్పష్టముగా తెలియుటకు కొన్ని సమయములలో శతాబ్దములు పట్టును.

స్వలింగానురాగ విషయము

ఇక నేటి విషయము. ఇచ్చట మాటలను జాగ్రత్తగా వాడవలెను. స్త్రీకి స్త్రీయందును, పురుషునకు పురుషునియందును కలుగు ప్రేమను పత్రికలు స్వలింగసంపర్కమని వ్రాయుచున్నవి. ఆ మాట క్రియను మాత్రమే చెప్పును, మనస్సును చెప్పదు. శ్రీసభ బోధ ఈ రెండింటిని వేఱుపఱచి చూచుచున్నది. కావున మనస్సును చెప్పునపుడు స్వలింగానురాగమనుటయే సరియైనది. ఈ విషయమున తమిళనాడు ప్రభుత్వము న్యాయస్థానపు ప్రోద్బలముతో 2022లో గౌరవప్రదమైన తమిళపదముల పట్టికను గెజిట్టులో ప్రకటించెను. తెలుగునకు అట్టి పట్టిక యవసరము. ఎగతాళిమాటలు తప్ప వేఱుమాట తెలియని పిల్లవాడు తన మనస్సును తల్లికి ఏ మాటలతో చెప్పుకొనును?

1975లో రోము వెలువరించిన పత్రము ప్రవృత్తికిని క్రియకును భేదము చూపెను. 1986 అక్టోబరు 1వ తేది లేఖ, ప్రవృత్తి పాపము కాదనుచునే అది క్రమము తప్పినదని చెప్పెను. ఆ లేఖయే స్వలింగానురాగులపై మాటతోగాని చేతతోగాని చేయు దౌర్జన్యమును ఖండించెను. 1992 నాటి సత్యోపదేశగ్రంథము వారిని గౌరవముతో, దయతో, మృదువుగా స్వీకరింపవలెనని, అన్యాయమైన వివక్షను విడువవలెనని బోధించెను. ఆ ప్రవృత్తిగలవారు బ్రహ్మచర్యమున నుండవలెననియు బోధించెను. ఈ బోధ నేటికిని మాఱలేదు. వివాహము స్త్రీపురుషుల మధ్యనే యన్నదియు మాఱలేదు.

ఈ బోధతో విభేదించినవారు కలరు. యేసుసభకు చెందిన జాను మెక్‌నీలు 1976లో నొక గ్రంథము వ్రాసెను. మఱుసటియేట అతనిని మౌనముగా నుండుమనిరి. 1987లో సభనుండి తొలగించిరి. మఠకన్య జెనీను గ్రామికును, ఆమెతో పనిచేసిన గురువు రాబర్టు న్యూజెంటును స్వలింగానురాగుల నడుమ సేవచేయరాదని 1999లో నిషేధించిరి. ఆమె మానలేదు. 2023 అక్టోబరులో ఫ్రాన్సిస్ పోపుగారు ఆమెను వాటికనునకు పిలిపించి మాటలాడిరి. ఆ సంవత్సరము జనవరిలోనే, స్వలింగానురాగము నేరము కాదని వారు స్పష్టముగా చెప్పియుండిరి. 2023 డిసెంబరు 18వ తేది పత్రము అట్టి జంటలకు, పూజావిధిలో చేరని ఆశీర్వచనము ఇయ్యవచ్చునని చెప్పెను. 2024 జనవరిలో ఆఫ్రికాఖండపు మేత్రాణులు తమ సభలలో దానిని ఆచరింపలేమని ప్రకటించిరి. విభేదము ఒక పక్షమువారి సొత్తు కాదని దీనివలన తెలియుచున్నది. అంతరాత్మ పేరు చెప్పి కొందఱు ముందుకు పొమ్మనుచున్నారు; అదే పేరు చెప్పి కొందఱు నిలువుమనుచున్నారు.

ఇచ్చట తొందరపాటు తగదు. జందెము విషయమున శ్రీసభ మాఱినది కావున ఈ విషయమునను మాఱితీరునని వాదించుట తర్కమునకు నిలువదు. ఆచారమునకు సంబంధించిన నిషేధము వేఱు, నీతికి సంబంధించిన బోధ వేఱు అని శ్రీసభ సమాధానము చెప్పును. ఆ భేదమును చూపినవాడు నోబిలియే. కాని ఆనాడు ఫెర్నాండెజు కూడ తాను ఖండించుచున్నది ఆచారమును కాదు, నీతిని మతమును కాపాడుటయే యని నమ్మెను. ఏది దేనిలో చేరునన్న నిర్ణయమే అసలు కష్టము.

మధురనుండి వచ్చిన ఇద్దఱు

దేశపు చట్టము ఈలోపల తన దారిని తాను నడచెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ విభాగము స్వలింగసంపర్కమును నేరముగా చేసెను. 2009 జూలై 2వ తేదిన ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము దానిని సడలించెను. 2013 డిసెంబరు 11వ తేదిన సర్వోన్నతన్యాయస్థానము మరల నిలిపెను. అప్పుడు బొంబాయి అగ్రపీఠాధిపతి కార్డినలు ఆస్వాల్డు గ్రేషియసు, అట్టి వివాహములను సభ అంగీకరింపదని చెప్పుచునే, స్వలింగానురాగులను నేరస్థులుగా సభ ఎన్నడును ఎంచలేదని చెప్పెను. 2018 సెప్టెంబరు 6వ తేదిన ఆ విభాగము పరస్పరసమ్మతిగల పెద్దలకు వర్తింపదని సర్వోన్నతన్యాయస్థానము తీర్పుచెప్పెను. 2023 అక్టోబరు 17వ తేదిన వివాహపు హక్కును మాత్రము గుర్తింపలేదు.

ఈ నడుమ మధురలో నొక సంఘటన జరిగెను. ఇరువదియేండ్ల ప్రాయపు యువతు లిద్దఱు పరస్పరము ప్రేమించుకొని, తల్లిదండ్రులు ఒప్పుకొనకపోవుటచే మధురను విడిచి మదరాసు చేరిరి. కుమార్తెలు కనబడుటలేదని ఇరువైపులవారును పోలీసులకు ఫిర్యాదు చేసిరి. యువతులు రక్షణకోరి మదరాసు ఉన్నతన్యాయస్థానమునకు పోయిరి. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ తొందరపడలేదు. యువతులను, తల్లిదండ్రులను మనస్తత్త్వజ్ఞురాలి యొద్దకు పంపెను. అంతటితో ఆగక, ఈ విషయమున తనకే చాలినంత తెలియదని బహిరంగముగా చెప్పి, తానును ఆమె యొద్ద కూర్చుండి నేర్చుకొనెను. 2021 జూన్ 7వ తేదిన ఇచ్చిన ఉత్తర్వులో, పెద్దవారు ఇష్టపూర్వకముగా కలిసియున్నచో పోలీసులు వేధింపరాదని, మనస్సును మార్చుటకని చేయు చికిత్సలు నిషిద్ధములని ఆదేశించెను. తల్లిదండ్రుల దుఃఖమును అతడు తృణీకరింపలేదు. కాని ఆ దుఃఖమునకు బిడ్డలను బలిపెట్టుటకు అంగీకరింపలేదు.

ఈ న్యాయమూర్తి నడచిన తీరు బెల్లార్మీను నడచిన తీరును తలపించును. గద్దించుటకు కలము పట్టినవాడు, ఎదుటివాని మాట పూర్తిగా విన్నపిమ్మట తన యభిప్రాయమును దిద్దుకొనెను. అధికారమునకును అంతరాత్మ కలదు. దానికిని శిక్షణ కావలెను. ఈ మాట తఱచుగా మఱచిపోవుచుందుము.

ఉపసంహారము

పై చరిత్రనుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: కతోలికసంప్రదాయమున అంతరాత్మ నవీనులు తెచ్చిపెట్టిన మాట కాదు. అధికారముతో పాటు అదియు ప్రాచీనమే. రెండవది: విభేదించినవాడు ఎల్లప్పుడును ఒప్పు కాడు, ఎల్లప్పుడును తప్పు కాడు. నోబిలి జందెము విషయమున గెలిచెను. అంటరానివాని గుడిసె విషయమున ఓడెను. తూర్నోను తాళి విషయమున పొరబడెను; రోగి మంచము విషయమున ధర్మము చెప్పెను. మూడవది: నిర్ణయము తెలియువఱకు మనుష్యులు బ్రతుకవలసియున్నది. 1744 నుండి 1940 వఱకు పుట్టి గిట్టినవారు 1940 నాటి ఉత్తర్వును చూడలేదు. వారి పెండ్లిండ్లు, వారి తాళిబొట్లు, వారి చావులు ఆ నడిమికాలమునందే జరిగినవి.

స్వలింగానురాగి యైన కతోలికుడు నేడు అట్టి నడిమికాలమున నున్నాడు. అతనిని గౌరవింపుమని, నీతిబోధను విడువకుమని శ్రీసభ రెండింటిని కలిపి చెప్పుచున్నది. రెండవదానిని గట్టిగా పట్టుకొని మొదటిదానిని జారవిడుచుట కుటుంబములలో ఎక్కువగా జరుగుచున్నది. 1623 శాసనములో పిలకకు ఇచ్చిన అనుమతి అందఱికి జ్ఞాపకమున్నది. పేదవానిని హీనముగా చూడకుమన్న హితవు ఎవరికిని జ్ఞాపకము లేదు. అదే మఱపు తిరిగి జరుగరాదు.

మధుర, కోయంబత్తూరు సీమల తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కఱలేదు. అంగడిలో ఒక భాష, ఇంటిలో ఒక భాష మాటలాడుచు ఐదువందల యేండ్లు గడిపిన జాతి యిది. లోపలి మాటను బయట చెప్పుకొనలేని వాని ఇబ్బంది దానికి తెలియును. ఆ ఎఱుకతో, ఏ మతమువారైనను సరియే, తమ ఇంటి బిడ్డ లోపలి మాటను చెప్పుకొన వచ్చినపుడు తలుపు మూయక విన్నచో, మధుర చెఱసాలలోని నోబిలియు, కరుమత్తంపట్టిలోని బ్రెసియ్యాకును పడిన బాధ నిష్ఫలము కాదు.